మరలు కలుసుకొందుము

నూనె చుక్క బోల్టు తల మీద నిలిచింది. కాసేపు ఆలోచించినట్టు ఆగి, అంచు వెంట మెల్లగా లోపలికి జారింది. సుందరరాజ్ దాన్నే చూశాడు. ఇంకో చుక్క వేశాడు. అదీ జారింది. నీళ్ళ పంపుకీ ఇంజనుకీ నడుమ వెంట్రుకంత సందు. ఆ సందులోకి పోయిన నూనె ఎంత దూరం పోతుందో, ఎక్కడ ఆగుతుందో, ఇన్నాళ్ళుగా పోస్తున్న అతనికే తెలియదు. నూనె డబ్బా మూతిని పాతగుడ్డతో తుడిచి గూట్లో పెట్టాడు. చీపురు తీసి షెడ్డు ఊడ్చాడు. గోడవారగా వేసి ఉన్న కారు సీటు మీద దుమ్ము దులిపాడు. ప్రతి ఉదయమూ ఈ వరుసే: నూనె, చీపురు, సీటు.

తిరుత్తణి దాటి అరక్కోణం రోడ్డు ఎక్కగానే ఎడమవైపున ఉంటుంది ఆ రేకుల షెడ్డు. ముందున్న బోర్డు మీద తమిళ అక్షరాలు ఎండకు వెలిసి, తెలిసినవాళ్ళకు మాత్రమే చదవడానికి వస్తాయి. లోపల సగం చోటు ఒకే బండిది. మజ్జిగ రంగు అంబాసిడర్. ముందు మూత తెరిచి, రేడియేటరు ఊడదీసి గోడకు ఆనించి, నోరు తెరుచుకొని వైద్యుని ముందు కూర్చున్న ముసలిదానిలా ఉంటుంది. పంపు పాడైంది, కొత్తపంపు అట్టపెట్టెలో ఎప్పటినుంచో సిద్ధంగా ఉంది. పాతదాన్ని ఇంజనుకు పట్టి ఉంచిన బోల్టులు ఒక్కొక్కటే వచ్చాయి. చివరిది రాలేదు. ఆ ఒక్కటి రాకపోతే పంపు రాదు; పంపు రాకపోతే బండి కదలదు.

సుందరరాజ్ సన్నని మనిషి. వంగి పనిచేసి పనిచేసి, నిలబడ్డా దేనికోసమో వెతుకుతున్నట్టే కనబడతాడు. అతని అరచేతి గీతల్లో నలుపు స్థిరపడిపోయింది. రంపపు పొట్టూ సబ్బుపొడీ కలిపి ఎంత రుద్దినా చర్మం మీది నలుపు పోతుంది గాని గీతల్లోది పోదు. ఒకసారి మురుగన్ కొండ మెట్ల కింద చెయ్యి చూసేవాడు ఆ అరచెయ్యి పట్టుకొని, "నీకు ఇన్ని గీతలుండాయే సామీ, దేన్ని చదివేది!" అని వదిలేశాడు. ఆ మాట చెప్పి అతని భార్య ఏంజెలిన్ చాలా ఏళ్ళు నవ్వింది. ఇప్పుడు నవ్వడానికి ఆమె లేదు. షెడ్డు వెనక గదిలో ఒక చాప, ఒక కిరసనాయిలు పొయ్యి, తెలుగు బైబిలు ఒకటి ఉన్నాయి.

వెంకటపతి వచ్చాడు. బండి ఆయనది. కే.జీ.కండిగై నుంచి పొలం వదిలి వచ్చి, తిరుత్తణి స్టేషనుకూ కొండకూ నడుమ ఆ కారును టాక్సీగా తిప్పి ముసలివాడైనవాడు. నాయుళ్ళ ఇంటి మనిషి. మొదటి ఏళ్ళలో బండి బాగుచేయించుకోవడానికి వచ్చినప్పుడు షెడ్డు బయటే నిలబడి, తన లోటాలోనే టీ తాగేవాడు. ఆ లోటా ఎప్పుడు రావడం మానేసిందో, ఆ మనిషి ఎప్పుడు లోపలికి వచ్చి కూర్చున్నాడో ఇద్దరిలో ఎవరికీ గుర్తులేదు. బండి షెడ్డు చేరాక దాని వెనకసీటు బయటికి తీసి గోడవారగా వేశారు. అప్పటినుంచి పొద్దున వచ్చి ఆ సీటు మీద కూర్చుంటాడు. పొద్దుగూకితే లేస్తాడు. సీటు మధ్య ఆయన బరువుకు గుంట పడింది.

ప్రతిరోజూ వస్తూనే ఒక మాట అంటాడు: "ఏమిరా సుందరం, పెండ్లికూతురు అలక దిగిందా?" ప్రతిరోజూ సుందరరాజ్ ఒకటే జవాబు చెబుతాడు: "యాడ దిగుతాదన్నా. ఇంగా మూతి ముడుచుకొనే ఉండాది." "ఉండనీలే. నూనె పెట్టి తలంటు," అని నవ్వి కూర్చుంటాడు.

ఈరోజు ఆ మాట రాలేదు. వచ్చి కూర్చున్నాడు. తువ్వాలు మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు.

"జ్యోతి ఫోన్ చేసినాదిరా," అన్నాడు చివరికి.

జ్యోతిక ఆయన కూతురు. కాట్టుపల్లి ఓడల యార్డులో కాంట్రాక్టు మీద స్టోర్సులో పని. అక్కడే ఇల్లు తీసుకొని, తండ్రిని రమ్మని పిలుస్తూనే ఉంది. బండి వస్తే నేనొస్తా, బండి లేకుండా ఆ సముద్రం ఒడ్డున నేనేం చేసేది అని ఆయన ఆపుతూనే ఉన్నాడు.

"ఏమనిందన్నా?"

"సాయంకాలం వస్తాదంట. కాయలాన్ కడవానితో మాట్లాడేసినాదంట."

పాత ఇనుము కొనేవాణ్ని ఆ వైపు అందరూ కాయలాన్ కడవాడనే అంటారు. ఆ పేరు వినగానే షెడ్డులో ఇనుమంతా ఒక్కసారి చల్లబడినట్టయింది సుందరరాజ్‌కు.

"బండి కదిలితే బండిలో పోదుము నాయినా, కదలకపోతే వానికిచ్చేసి రైలెక్కుదుము అనింది. నా బాడుగ గది గూడా ఖాళీ చేస్తామని చెప్పేసినాది."

"వానికి ఇస్తే..."

"వానికి బండెందుకు? ఇనుము గావల్ల. ఈడనే గ్యాసు పెట్టి కోసి, ముక్కలెత్తుకొని పోతాడంట." వెంకటపతి తువ్వాలుతో మొగం తుడుచుకున్నాడు. చెమట లేదు, మార్గళి నెల చలి ఇంకా వీడలేదు. "నేను చూడలేనురా సుందరం. అది కోస్తా ఉంటే నేను చూడలేను."

కూతురిని తప్పుపట్టడానికి లేదు. కార్తీకపు వానల్లో జ్వరం తగిలి, ఆయన తన గదిలో లేవలేక పడి ఉంటే, పొద్దెక్కినా సీటు ఖాళీగా ఉండడం చూసి పరుగెత్తిపోయి తలుపు పగలగొట్టింది సుందరరాజే. ఆసుపత్రి వరండాలో జ్యోతిక అతని చేతులు పట్టుకొని ఏడ్చింది. అప్పుడే అతనికి తెలిసింది, ఈ కూర్చోవడం ఇక ఎంతోకాలం సాగదని.

ఇంకొకటి కూడా అతనికి తెలుసు. అది అతనికి మాత్రమే తెలుసు.

అయిదు నెలల కిందట, ఆడికృత్తిక తిరునాళ్ళ జనం తగ్గాక, కొండ కింద ఆవిరి కక్కుతూ ఆగిపోయిన ఆ బండిని తోసుకొచ్చిన రోజున, ఆ బోల్టు ఇంత మొండిది కాదు. స్పానర్ వేసి నొక్కినప్పుడు అడుగున ఎక్కడో చిన్న మెత్తదనం చేతికి తగిలింది. ఇంకొంచెం నొక్కితే తిరిగేది. ఆ క్షణంలో వెనకనుంచి వెంకటపతి దేనికో నవ్వాడు. షెడ్డులో ఇంకొక మనిషి నవ్వు వినబడి ఎంతకాలమయిందో! సుందరరాజ్ స్పానర్ తీసేశాడు. "రాలేదన్నా. రేపు చూస్తాం," అన్నాడు. ఆ రేపు ఆవణి నెలకు జరిగింది, పురటాసి నెలకు జరిగింది. అతను నూనె పోశాడు. నూనె మాత్రమే పోశాడు.

తర్వాత ఐప్పశి నెల వానలు వచ్చాయి. రేకు చిల్లు సరిగ్గా ఇంజను మీదే కారింది. అతను గమనించేసరికి బోల్టు చుట్టూ ఎర్రటి పొడి పొంగి ఉంది. భయపడి ఆనాడు నిజంగానే నొక్కాడు. స్పానర్ జారింది. తల ఆరు మూలలూ అరిగి గుండ్రమయ్యాయి. ఒట్టిమాటగా చెప్పిన అలక నిజమైన అలకైంది. వద్దనుకున్నప్పుడు వచ్చేది, కావాలనుకున్నప్పుడు రానిదైంది.

సుందరరాజ్ ఆకురాయి తీశాడు.

గుండ్రమైన తలకు రెండు పక్కలా చదును తీయడం మొదలుపెట్టాడు. ఇరుకైన చోటు. చెయ్యి వేలెడంత ముందుకు, వేలెడంత వెనక్కి మాత్రమే కదులుతుంది. ఆకురాయి కీచుమంది, ఆగింది, కీచుమంది. వెండిలాంటి పొడి రాలి నూనెలో బురదయింది. పొద్దు రేకుల మీదికెక్కింది. చదును తేలాక ఒక సైజు చిన్న స్పానర్‌ను సుత్తితో కొట్టి ఎక్కించాడు. ఎక్కింది. పట్టింది. రెండు కాళ్ళూ నేలకు తన్ని, ముందు బిగించే వైపుకు నొక్కాడు.

"అటుపక్క తిప్పుతుండావే!" వెంకటపతి సీటు మీదినుంచి లేచాడు.

"ముందు బిగిస్తే తుప్పు తెగుతాదన్నా. పట్టు వదిల్తే గదా వెనక్కి వచ్చేది."

తెగలేదు. ఎదురువైపు నొక్కాడు. కదలలేదు. ఇంకా నొక్కాడు. ఉన్నట్టుండి స్పానర్ మెత్తగా సాగినట్టయింది. సుందరరాజ్ చెయ్యి కాలినవాడిలా వదిలేశాడు. ఆ మెత్తదనం అతనికి తెలుసు. విరగబోయే ఇనుము ముందుగా మెత్తబడుతుంది. వస్తున్నానని చేతికి ఆశ చూపుతుంది. అప్పుడు తిరిగేది బోల్టు ఒంటి మీది మర కాదు, తల కింది మెడ. మెడ తెగి తల చేతికొస్తే, ఒళ్ళు ఇంజనులోనే ఉండిపోతుంది. ఇక ఆ ఇంజనుకు ఇనుప బేరం తప్ప వేరే దారి లేదు.

అతను గోడకు ఆనుకొని కూర్చున్నాడు. వేలి కణుపు చిట్లి, రక్తం నూనెతో కలిసి మణికట్టు దాకా దిగింది.

ఎదుటి టీకొట్టు వళ్ళియమ్మ రెండు గ్లాసులు పట్టుకొని రోడ్డు దాటి వచ్చింది. ఇద్దరినీ చూసి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఏమప్పా, కొట్లాడుకుంటిరా? కొత్త మొగుడూ పెండ్లాము మాదిరి ఆపక్కొకరు, ఈపక్కొకరు కూర్చోనుండారే!"

"జ్యోతి వస్తాదంట వళ్ళీ. నేను పోతుండా," అన్నాడు వెంకటపతి.

"యాడికి? కాట్టుపల్లికా? నిజంగానా?" వళ్ళియమ్మ గ్లాసులు కింద పెట్టింది. రెండింటినీ చూసింది. నవ్వుదామనుకున్నట్టుంది, నవ్వు సగంలోనే ఆగిపోయింది. "అట్లయితే రేపట్నించి ఒగ టీయేనా?"

ఆమె కొంగు దోపుకొని వెళ్ళిపోయింది. టీ మీద మీగడ కట్టింది.

సుందరరాజ్ లేచి వెనక గదిలోకి పోయాడు. బైబిలు పక్కన ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉంది. అందులో కొవ్వొత్తి ముక్కలు.

ఏంజెలిన్ ఉన్నప్పుడు చర్చిలో మిగిలిన ముక్కలు ఏరి తెచ్చేది. "నీ బోల్టులకు ప్రార్థన," అని నవ్వుతూ ఇచ్చేది. పట్టుకుపోయిన బోల్టును కాల్చి, ఆ వేడి మీద కొవ్వొత్తి ఆనిస్తే, మైనం కరిగి నూనె పోలేని సందుల్లోకి కూడా పోతుంది. ఆ ముక్కలు ఎన్ని బండ్లకు అరిగిపోయాయో. డబ్బాలో ఉన్నవి మాత్రం అవి కావు. సమాధుల పండుగనాడు ఆమె సమాధి మీద వెలిగించినవి, గాలికి ఆరిపోయాక మిగిలినవి. ప్రతి ఏడూ వాటిని తెచ్చి దాచాడు. ఏ బోల్టుకూ వాడలేదు.

రైలుకట్ట అవతల ఆ సమాధి. రాయి మీద తెలుగులో ఒక వాక్యం చెక్కించాడు. కాగితం మీద తానే రాసిచ్చాడు: మరల కలుసుకొందుము. చెక్కిన కుర్రవాడు తమిళ బడిలో చదివినవాడు. తెలుగు అక్షరాలను బొమ్మల్లా చూసి దించాడు. కాగితం మీదినుంచి రాయి మీదికి ఎక్కేసరికి ఒక కొమ్ము ఎక్కువైంది. 'మరలు కలుసుకొందుము' అయింది. పాస్టరుగారు నొచ్చుకొని, రాయి మార్పిద్దామన్నారు. సుందరరాజ్ ఆ అక్షరాల మీద వేలు పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. "ఉండనీండయ్యా," అన్నాడు. "మెకానిక్కు పెండ్లాము గదా. దానికి అర్థమైతాది."

వళ్ళియమ్మ కొట్టులో కొవ్వొత్తులు దొరుకుతాయి. ఆ సంగతి అతనికి తెలుసు. అయినా డబ్బా మూత తీశాడు. అన్నిటిలోకి పొడుగ్గా మిగిలిన ముక్కను ఏరుకున్నాడు.

గ్యాస్ టార్చి వెలిగించాడు. నీలిమంట బోల్టు చుట్టూ తిరిగింది. నూనె పొగలు కక్కి ఆరిపోయింది. తుప్పు నల్లబడింది, ఎర్రబడింది. మంట పక్కకు తీసి, ఇనుము ఎరుపు దిగేదాకా ఆగి, కొవ్వొత్తి ఆనించాడు. మైనం కన్నీటిలా కరిగి అంచు మీద ఒక క్షణం నిలిచింది. మరుక్షణం లేదు. లోపలినుంచి ఎవరో పీల్చుకున్నట్టు మాయమైంది. మళ్ళీ ఆనించాడు. మళ్ళీ పీల్చుకుంది. షెడ్డంతా చర్చి వాసన నిండింది.

వెంకటపతి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. డబ్బానూ, చేతిలోని ముక్కనూ చూశాడు. అవి ఎక్కడివో ఆయనకు తెలుసు. సమాధుల పండుగకు ప్రతిసారీ ఆ బండిలోనే ఇద్దరూ వెళ్ళేవారు. ఆయన గేటు దగ్గర ఆగేవాడు.

"సుందరం," అన్నాడు గొంతు తగ్గించి. "వద్దురా. పోతే పోనీ బండి."

"పట్టుకో అన్నా," అంటూ సుందరరాజ్ టార్చి ఆయన చేతికిచ్చాడు.

సుత్తితో తల మీద చిన్నచిన్న దెబ్బలు వేశాడు, నిద్రపోతున్నవాణ్ని తట్టి లేపినట్టు. స్పానర్ ఎక్కించాడు. బిగించే వైపుకు నొక్కాడు. కళ్ళు మూసుకున్నాడు, ఇక చూడవలసింది చేతులే. నొక్కాడు. టక్. చీమ కాలు విరిగినంత చప్పుడు. ఎదురువైపు నొక్కాడు. మెత్తదనం తగిలింది. మెడా? మరా? వెనక్కి ఇచ్చాడు, ముందుకు తెచ్చాడు. మైనం పోశాడు. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకు. ప్రతిసారీ గోరంత ఎక్కువ. అప్పుడు ఇనుము మూలిగింది. పాత తలుపు తెరుచుకున్నట్టు, పొడవుగా, నిద్రలోంచి, ఇష్టంలేనట్టు. మూలుగుతూ తిరిగింది. తిరుగుతూ వచ్చింది.

చివరి మరలు అతను వేళ్ళతోనే విప్పాడు. కాలుతున్నా వదల్లేదు. నల్లని, వేడి వేడి బోల్టు అరచేతిలోకి వచ్చి పడింది. గీతల నలుపులో నలుపుగా కలిసిపోయింది.

"దిగింది," అన్నాడు వెంకటపతి. "అలక దిగిందిరా!" ఆయన నవ్వబోయి సీటు మీద కూలబడ్డాడు.

మిగిలిన పని చేతులకు తెలిసినదే. పాతపంపు తీశాడు, కొత్తపంపు పెట్టాడు. కొత్తబోల్టు రంధ్రంలో ఆనించి ముందు వెనక్కి తిప్పాడు. మర మీద మర ఎక్కుతుంది, ఎక్కుతుంది, ఒకచోట వేలికి మాత్రమే తెలిసేటట్టు దిగుతుంది. అక్కడినుంచే ముందుకు తిప్పాలి. లేకపోతే దారి తప్పిన మర జీవితమంతా వంకరే.

"కలిసినాయి," అన్నాడు పైకే.

"ఏందిరా?"

"మరలన్నా."

వెంకటపతి తల తిప్పుకొని రోడ్డువైపు చూశాడు. సుందరరాజ్ రేడియేటరు తిరిగి ఎక్కించి నీళ్ళు పోశాడు.

ఎండ పలచబడుతుండగా జ్యోతిక ఆటో దిగింది. వెనకే కాయలాన్ కడవాడి చిన్న వ్యాను, అందులో గ్యాసు సిలిండర్లు. ఆమె షెడ్డు ముందే ఆగిపోయింది. అంబాసిడర్ వణుకుతోంది. ముసలిదగ్గు దగ్గి, ఆగబోయి, మళ్ళీ అందుకొని, ఒక పాటి లయలో పడి నడుస్తోంది. కింద ఒక్క నీటిచుక్క లేదు.

"మామా!" జ్యోతిక చేతిసంచి కింద పడేసింది. "ఎట్ల మామా? సెమ మామా నువ్వు, గొప్పోడివి!"

"చుమ్మా, ఊరికే కొంచెం మైనం పెడితిని తల్లీ."

వ్యానువాడు ఇంజను చప్పుడు కాసేపు విన్నాడు, ఒక బీడీ ముట్టించాడు, బండి వెనక్కి తిప్పుకొని వెళ్ళిపోయాడు.

గది సామాను వచ్చింది. గిన్నెల మూట, ఇనుపపెట్టె, పరుపు, మురుగన్ పటం. సుందరరాజ్ వెనకసీటు ఎత్తబోయాడు.

"దాన్ని ఉండనీరా," అన్నాడు వెంకటపతి. "మూటలు యాడ పెట్టేది? ఇంగ నా బండెక్కేదెవరు?"

"నువ్వూ వచ్చేయి మామా," అంది జ్యోతిక పరుపు తోస్తూ. "ఆడ గూడా బండ్లుండాయి."

"వస్తా తల్లీ. చూస్తా," అన్నాడు సుందరరాజ్. ఆ అమ్మాయి వళ్ళియమ్మకు చెప్పి రావడానికి రోడ్డు దాటింది.

ఇద్దరే మిగిలారు. వెంకటపతి పనిబల్ల మీద ఉన్న పాతబోల్టును తీసి, వేళ్ళ మధ్య తిప్పి చూశాడు.

"ఇది ఆడికృత్తికకే వచ్చేదిరా."

సుందరరాజ్ గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. తుడుస్తూనే ఉన్నాడు.

"స్పానర్ పట్టే నీ చెయ్యి నాకు తెలీదా? ఎన్నేండ్లుగా చూస్తుండా."

"మరి అడగలేదేమన్నా?"

"అడిగింటే నువ్వు తీసేసిందువు గదా," అన్నాడు వెంకటపతి.

కొండ మీద దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. ఆయన గోడ దగ్గరికి పోయి, వంగి, సీటును ఒకసారి తడిమాడు. నడుం నిమురుకుంటూ లేచి, బండి ఎక్కి, స్టీరింగ్ ముందున్న చిన్న ఇత్తడి వేలాయుధానికి దణ్ణం పెట్టుకున్నాడు. జ్యోతిక పక్కన కూర్చుంది.

"పోయొస్తానురా సుందరం."

"పదిలం అన్నా. వేడి చూపే ఎర్రముల్లు లేస్తే ఆపు."

"లెయ్యదులే. నువ్వు బిగించినావు గదా."

బండి రోడ్డెక్కింది. తిరువళ్ళూరు వైపు తిరిగింది. వెనకదీపం ఒక్కటే వెలుగుతోంది. ఆ ఎరుపు లారీల నడుమ కనబడి, దాగి, కనబడి, కలిసిపోయింది. వళ్ళియమ్మ ఒక టీ తెచ్చి గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది. సుందరరాజ్ టార్చి సర్దిపెట్టాడు. సుత్తి తుడిచాడు, స్పానర్లు వరుసగా తగిలించాడు. అలవాటుగా నూనె డబ్బా కోసం గూట్లోకి చెయ్యి పోయింది. డబ్బా పట్టుకొని షెడ్డు నడిమికి వచ్చి, బండి లేని నేల మీద, నూనె మరకలు గీసిన దాని ఆకారం మధ్య నిలబడ్డాడు.

గోడవారగా సీటు అలాగే ఉంది. ఆ మనిషి బరువుకు పడిన గుంటలో, ఆయన పెట్టిపోయిన బోల్టు. దాని మరల సందుల్లో తెల్లగా మైనం.